బిగుతు బనీను

బేకరీలో అందరూ అతన్ని కోటు అని పిలిచేవారు. ఓవెన్ల గదిలో మిగతావాళ్ళంతా బనీన్లతో, కొందరు అదీ లేకుండా నడుముకో తువ్వాలు బిగించుకుని పనిచేస్తుంటే, అతనొక్కడే ముతక గుడ్డ కోటు తొడుక్కుని మెడదాకా బొత్తాలు పెట్టుకుని నిలబడేవాడు. రొట్టెల రేకులు బయటికి లాగుతున్నంతసేపూ చెమట కారి కోటు వీపుకి అతుక్కుపోయేది. చూసినవాళ్ళకే ఊపిరాడేది కాదు. లోపల బంగారం ఏమన్నా దాచావేంట్రా అని యజమాని అప్పుడప్పుడూ ఆటపట్టించేవాడు. సెగ తగిలితే ఒళ్ళు పొక్కుతుందండీ అని అతను ఎప్పుడూ ఒకే జవాబు చెప్పేవాడు. ఆ పేరంటే అతనికి కోపం లేదు. బడిలో పిల్లలు పెట్టిన పేరుతో పోల్చుకుంటే ఇది దొరబిడ్డ పేరు.

బడిలో పెట్టిన ఆ పేరేమిటో ఇక్కడ చెప్పనక్కర్లేదు. మూతి మీద నూగుమీసం వచ్చే వయసులో అతని ఛాతీ కూడా ఉబ్బడం మొదలుపెట్టింది. ఆడపిల్లలకి వచ్చినట్టే వచ్చింది. ఒళ్ళు తగ్గితే అదే పోతుందిలే అంది తల్లి. అతను తిండి మానేశాడు, పొద్దున్నే లేచి వీధులన్నీ పరిగెత్తాడు. బుగ్గలు పీక్కుపోయాయి, పొట్ట లోపలికి పోయింది, అది మాత్రం అలాగే ఉంది. అప్పట్నుంచి పుస్తకాలు గుండెలకి హత్తుకుని నడవడం, భుజాలు ముందుకి వంచుకుని కూర్చోవడం అలవాటైపోయింది. తల్లి పోయేనాటికి అతనికి వయసు ముప్పై దాటలేదు గానీ వెనకనుంచి చూస్తే ముసలివాడి నడుమే.

పెళ్ళి కూడా అయింది. యజమానే కుదిర్చాడు, ఆయనకి మేనకోడలు వరసయ్యే అమ్మాయి. కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేసేది. వచ్చినవాళ్ళ ముక్కు మీద కళ్ళజోడు పెట్టి, చెవుల వెనక వేలితో సర్ది, బిగుతుగా ఉందా, జారుతోందా అని అడగడం ఆమె పని. నవ్వొస్తే చప్పుడు చెయ్యకుండా భుజాలు మాత్రం ఊగేలా నవ్వేది. అతనికి ఆమె నచ్చలేదా అంటే, ప్రాణం పెట్టేవాడు. ఆమె దుకాణం నుంచి వచ్చే వేళకి వీధి చివరికి వెళ్ళి నిలబడేవాడు, అప్పుడే ఏదో పనిమీద వచ్చినట్టు. కానీ గదిలో దీపం ఆర్పితే గానీ మంచం దగ్గరికి వచ్చేవాడు కాదు. చొక్కా విప్పేవాడు కాదు. ఆమె చెయ్యి తన ఛాతీ వైపు జరిగితే ఆ చెయ్యి పట్టుకుని పక్కన పెట్టేవాడు. మెల్లగానే పెట్టేవాడు. కానీ ప్రతిసారీ పెట్టేవాడు. కొన్నాళ్ళకి ఆ చెయ్యి జరగడం మానేసింది.

ఒకసారి మాత్రం ఆమె అడిగింది, నాలో మీకు ఏదైనా నచ్చలేదా అని. అదేం లేదన్నాడు. ఆపైన ఇంకో మాట అతని నోట పెగల్లేదు. రెండేళ్ళు తిరక్కుండానే ఆమె పుట్టింటికి వెళ్ళిపోయింది. విడాకులు గొడవ లేకుండా అయిపోయాయి. గొడవ పడదామన్నా దేని గురించి పడాలో ఇద్దరికీ తెలియలేదు. యజమాని కొన్నాళ్ళు ముఖం ముడుచుకున్నాడు గానీ, అంత బాగా పిండి కలిపే చెయ్యి ఇంకోటి దొరకదని ఆయనకి తెలుసు. మళ్ళీ మామూలైపోయాడు. అలా ఎనిమిదేళ్ళు గడిచాయి.

ఆ ఏడు యజమాని కొడుకు బేకరీని కొత్తగా తీర్చిదిద్దాడు. కౌంటరుకీ ఓవెన్ల గదికీ మధ్య గోడ పడగొట్టి అద్దం పెట్టించాడు. రొట్టె ఎలా కాలుతుందో కొనేవాళ్ళు చూడాలట. లోపలివాళ్ళందరికీ బేకరీ పేరు అచ్చేసిన పల్చటి తెల్లటి టీషర్టులు తెప్పించాడు. ఒంటికి అతుక్కునే రకం. కోటు తన టీషర్టు ఇంటికి తీసుకెళ్ళి అద్దం ముందు తొడుక్కున్నాడు. తొడుక్కున్నంత సేపు కూడా ఉంచుకోలేక విప్పేశాడు. మర్నాడు యజమాని దగ్గరికి వెళ్ళి, కోటుతోనే ఉండనివ్వండి, వెనక గదిలో పిండి దగ్గర ఉంటానని బతిమాలాడు. వచ్చే నెల నుంచి అందరికీ ఒకటే రూలని, తన కొడుకు వినడని, ఇంత చిన్నదానికి ఇంత పట్టుదలేంటని యజమాని విసుక్కున్నాడు.

ఆ వారమే అతను డాక్టరు దగ్గరికి వెళ్ళాడు.

డాక్టరమ్మ పొట్టి మనిషి, చకచకా మాట్లాడేది. చొక్కా విప్పండి అంది. అతని వేళ్ళు రెండో బొత్తాం దగ్గర ఆగిపోయాయి. ఆమె ఇంకేమీ అనకుండా కుర్చీ అటు తిప్పుకుని కంప్యూటరులో ఏదో చదువుతున్నట్టు కూర్చుంది. ఎంతసేపు కూర్చుందో గానీ, అతను రెడీ అన్నాకే ఇటు తిరిగింది. నాలుగు వేళ్ళతో నొక్కి చూసి, ఇందులో చాలావరకు కొవ్వే, నడిమధ్య మాత్రం గట్టిగా తగిలేది గ్రంథి అని చెప్పింది. కొన్ని రక్తపరీక్షలు, ఒక స్కానింగు చేయించమంది. ఎందుకు వచ్చిందని అడిగితే, చాలామంది మగవాళ్ళకి ఆ వయసులో వస్తుందని, కొందరికి దానంతటదే పోతుందని, కొందరికి ఉండిపోతుందని చెప్పింది.

"చాలామందికా?" అన్నాడతను.

"మీరనుకునే దానికన్నా చాలా ఎక్కువమందికి."

ఆ మాట అతని మనసులో నిలిచిపోయింది. తిరిగి వస్తూ బస్సులో ఎదురుగా కూర్చున్న మగవాళ్ళందరినీ చూశాడు. ఒకాయన ఒళ్ళో సంచీ పెట్టుకుని దానిమీద చేతులు కట్టుకున్నాడు. ఒక కుర్రాడు వేసవిలో స్వెట్టరు వేసుకున్నాడు. ఇన్నేళ్ళూ లోకంలో తనొక్కడే అనుకున్నాడు. వీళ్ళలో ఎవరు తనలాంటివాళ్ళో అడగడానికి మాత్రం లేదు. అతనికి ఇంకాస్త ఒంటరిగా అనిపించింది.

పరీక్షలన్నీ బాగానే వచ్చాయి. రెండోసారి వెళ్ళినప్పుడు డాక్టరమ్మ వివరంగా చెప్పింది. ముందు మందు కలిపిన నీళ్ళు ఛాతీలోకి ఎక్కిస్తారట, రక్తం ఎక్కువ పోకుండా. తర్వాత చంక దగ్గరా కిందా చిన్న గాట్లు పెట్టి, సన్నటి గొట్టంతో కొవ్వు పీల్చేస్తారట. గ్రంథిని మాత్రం చనుమొన అంచున కోసి తీసెయ్యాలట. ఇది బరువు తగ్గే ఆపరేషన్ కాదు, తూకంలో పెద్ద తేడా కనబడదు, చర్మం కాస్త వదులుగా మిగలొచ్చు, కొన్నాళ్ళు స్పర్శ తెలియకపోవచ్చు అని ముందే చెప్పేసింది. ఆపరేషన్ అయిన వెంటనే అద్దం చూసుకుని హడలిపోవద్దంది. వాపు వల్ల మొదట్లో ముందుకన్నా పెద్దగా కూడా కనబడుతుంది, అసలు రూపు తేలడానికి నెలలు పడుతుంది. ఆ మొదటి వారం, ఎందుకు చేయించుకున్నానా అని ఏడుపు వస్తుంది చాలామందికి, వస్తే రానివ్వండి అంది. చివరికి, మిమ్మల్ని ఇంటికి తీసుకెళ్ళడానికి, ఆ ఒక్కరోజు దగ్గరుండడానికి ఎవరు వస్తారు అని అడిగింది.

ఇంతసేపూ అన్నిటికీ తల ఊపినవాడు ఇక్కడ తడబడ్డాడు. ఉన్నారండీ అన్నాడు.

ఎవరూ లేరు. బేకరీలో హెర్నియా ఆపరేషన్ అని చెప్పి సెలవు పెట్టాడు. నేను వస్తానురా అని యజమాని అంటే, అక్కర్లేదండీ, చుట్టాలు వస్తున్నారని అబద్ధమాడాడు. ఏ చుట్టాలురా నీకు అని ఆయన అడగబోయి ఊరుకున్నాడు. ఆపరేషన్ రోజు పొద్దున టాక్సీ మాట్లాడుకుని ఎక్కాక, దారిలో డ్రైవరుని అడిగాడు, సాయంత్రం వరకూ ఆగి నన్ను మళ్ళీ ఇంట్లో దించగలవా, ఎవరైనా అడిగితే నా మనిషివని చెప్పగలవా అని. డ్రైవరు అతని వయసువాడే, బట్టతల. అద్దంలోంచి వెనక్కి చూసి, రోగం ఏమిటని కూడా అడక్కుండా సరేనన్నాడు.

నర్సు పేషెంటుకి మీరేమవుతారని అడిగింది. డ్రైవరు ఒక్క క్షణం ఆలోచించి, "బావమరిదినండి," అన్నాడు. ఆ తర్వాత ఆ పాత్రలో బాగా లీనమైపోయాడు. వార్డులో ఉన్నంతసేపూ బావా, నీళ్ళు తాగొద్దన్నారు గుర్తుందా, బావా, ఉంగరం తీసి నాకివ్వు, జాగ్రత్తగా ఉంచుతా అంటూ నర్సుల ముందు హడావిడి చేశాడు. మా అక్కని రావద్దన్నామండీ, రక్తం చూస్తే పడిపోతుంది అని కూడా చెప్పాడు. లేని ఆ అక్క గురించి నర్సు జాలిపడింది. కోటుకి నవ్వొచ్చింది. ఎన్నాళ్ళకో ఒకరు తనని వరసపెట్టి పిలుస్తున్నారు, అది నటనైనా సరే, చెవికి హాయిగానే ఉంది.

డాక్టరమ్మ వచ్చి అతన్ని నిలబెట్టి, ఛాతీ మీద పెన్నుతో గీతలు గీసింది, గుండ్రాలూ బాణాలూ. నిలబడి ఉన్నప్పుడే గీయాలట, పడుకుంటే కొలత మారిపోతుందట. ఫోటోలు తీశారు, ముందునుంచీ, పక్కలనుంచీ. పుట్టి బుద్ధెరిగాక చొక్కా లేకుండా అతను దిగిన మొదటి ఫోటోలు అవే. తర్వాత చల్లటి గది, నెత్తిమీద పెద్ద దీపం, చేతికి సూది. అంకెలు లెక్కపెట్టమన్నారు. ఎంతవరకు లెక్కపెట్టాడో గుర్తులేదు.

మెలకువ వచ్చేసరికి గొంతు ఎండిపోయి ఉంది, ఒళ్ళు వణుకుతోంది. ఛాతీ చుట్టూ ఎవరో పట్టుకుని నొక్కుతున్నట్టుంది. అది బనీను. ముందువైపు పైనుంచి కిందిదాకా కొక్కేలున్న బిగుతు బనీను, లోపల దళసరి మెత్తలు. గాట్ల నుంచి ఎర్రనీళ్ళు కారతాయి, పక్క తడుస్తుంది, అది రక్తమని భయపడకండి, ఎక్కించిన నీళ్ళే అని నర్సు చెప్పింది. మూడోరోజు దాకా విప్పొద్దంది. విప్పేటప్పుడు కూర్చుని విప్పాలి, ఒక్కసారిగా బిగుతు వదిలితే కళ్ళు తిరుగుతాయి, పక్కన మనిషి ఉండాలి. ఇదంతా ఆమె బావమరిదికే చెప్పింది. అతను బుద్ధిమంతుడిలా అన్నీ విన్నాడు.

టాక్సీ ఇంటి ముందు ఆగాక డ్రైవరు అతన్ని నడుం దగ్గర పట్టుకుని మెట్లెక్కించాడు. మంచం మీద దిండ్లు ఎత్తుగా పేర్చి పడుకోబెట్టి, నీళ్ళసీసా చేతికందేలా పెట్టాడు. మందులు వరసలో సర్దాడు. ఉంగరం తీసి వేలికి తొడిగాడు. గుమ్మం దగ్గర కాసేపు తటపటాయించాడు.

"నిజంగా ఎవరూ రారా, బావా?"

"వస్తారు. నువ్వు వెళ్ళు, నీకు వేరే బేరం ఉందన్నావుగా."

డ్రైవరు వెళ్ళిపోయాడు. మెట్ల మీద అతని చెప్పుల చప్పుడు వినబడినంతసేపూ కోటు ఊపిరి బిగబట్టి విన్నాడు.

ఆ తర్వాతి రోజులు అన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. పక్కకి తిరగడానికి లేదు, బోర్లా పడుకోవడానికి లేదు. దుప్పటి మీద ఎర్రటి మరకలు పడ్డాయి. నడవమన్నారు కాబట్టి మంచం నుంచి కిటికీ దాకా, కిటికీ నుంచి మంచం దాకా గోడ పట్టుకుని నడిచాడు. నొప్పి అతను భయపడ్డంత లేదు, రోజంతా బరువులు మోసి వచ్చాక కండరాలు పట్టేసినట్టు ఉంది. నొప్పికన్నా గదిలో నిశ్శబ్దమే ఎక్కువ బాధపెట్టింది. పక్కవాటాలో టీవీ మోగితే, ఏం కార్యక్రమమో తెలియకపోయినా, గోడకి చెవి ఆనించి వినేవాడు.

మూడోరోజు మధ్యాహ్నం స్నానానికని బాత్రూంలో స్టూలు మీద కూర్చుని కొక్కేలు ఒక్కొక్కటే విప్పాడు. మెత్తలు తీశాడు. ఎదురుగా అద్దంలో చూసుకున్నాడు. ఊదారంగు, నలుపు, అంచుల్లో పసుపు. కమిలిన రంగులన్నీ పొట్టదాకా దిగాయి. ఆ రంగుల కింద వాపు. ఎంత ఉండేదో అంతా అలాగే ఉంది. డాక్టరమ్మ చెప్పిన మాటలు ఒక్కటీ గుర్తురాలేదు. అంతా వృథా అయిపోయిందనే తోచింది. ఏడుపు వచ్చింది. ఆపుకోవడానికి ఎదురుగా ఎవరూ లేరు కాబట్టి ఏడ్చాడు. ఏడుస్తూ లేవబోయేసరికి గోడలు కదిలాయి, కళ్ళ ముందు చీకటి కమ్మింది. ఎలాగో తలుపు పట్టుకుని నేలమీద చతికిలబడ్డాడు.

అప్పుడే ఎవరో వీధి తలుపు తట్టారు. పలకలేదు. మళ్ళీ తట్టారు.

"నేనే," అంది బయటి గొంతు. "మామయ్య చెప్పాడు, ఆపరేషన్ అయిందని."

ఎనిమిదేళ్ళ తర్వాత కూడా ఆ గొంతు గుర్తుపట్టడానికి ఒక్క క్షణం పట్టలేదు. వెళ్ళిపొమ్మందామనుకున్నాడు, నోరు ఎండిపోయి మాట రాలేదు. తువ్వాలు మెడ చుట్టూ కప్పుకుని, గోడ ఆసరాతో వెళ్ళి గడియ తీశాడు. ఆమె చేతిలో పళ్ళసంచీ ఉంది. జుట్టు కత్తిరించుకుంది, కాస్త చిక్కింది. అతని ముఖం చూడగానే సంచీ కింద పెట్టేసి చెయ్యి పట్టుకుంది.

"పడిపోయేట్టున్నారు. ముందు పడుకోండి."

పడుకోబెట్టి కాళ్ళ కింద దిండు పెట్టింది. వంటగదిలో వెతికి పంచదార నీళ్ళు కలిపి తెచ్చింది. తాగుతుంటే తువ్వాలు జారింది. పట్టుకుందామని చెయ్యి లేపబోయాడు, చెయ్యి లేవలేదు. ఆమె చూసింది. చంకల కింద పట్టీలు, చనుమొనల అంచున కుట్లు, చుట్టూ కమిలిన ఒళ్ళు. హెర్నియా అయితే కట్టు ఎక్కడ ఉండాలో ఆమెకి తెలియనిది కాదు.

తర్వాత బాత్రూంలో పడివున్న బనీను తెచ్చి, ఇది వేసుకోవాలా అని అడిగింది. వేసుకోవాలన్నాడు. అతన్ని లేపి కూర్చోబెట్టి, ఒక్కో చేతిని నొప్పి తగలకుండా దూర్చి, మెత్తలు సర్ది, కిందినుంచి కొక్కేలు పెట్టడం మొదలుపెట్టింది. పనిలో ఉన్నప్పటి వేళ్ళే అవి, తొందర లేని వేళ్ళు. సగం దాకా వచ్చాక ఆగాయి.

"చిన్నప్పట్నుంచీ ఉందా?"

"ఊఁ."

"ఇదేనా? ఆ చొక్కా, ఆ దీపం, అంతా?"

అతను తల ఊపాడు.

మిగతా కొక్కేలు కూడా పెట్టింది. సగంలో వదిలెయ్యడానికి లేదు కాబట్టి పెట్టింది. బిగుతుగా ఉందా అని అలవాటుకొద్దీ అడిగి, జవాబు కోసం ఆగకుండా లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడింది. గదిలో ఉన్న ఒక్క కుర్చీ మీదా అతని బట్టలే ఉన్నాయి. అటు తిరిగే మాట్లాడింది. కోపం లేదు, ఏదో పాత సంగతి గుర్తుచేసుకుంటున్నట్టు చెప్పింది. తన ఒంటి వాసన పడటం లేదేమోనని సబ్బులు మార్చిందట. దుకాణంలో తోటి అమ్మాయిని నా నోరు వాసనొస్తోందా చెప్పమని బతిమాలిందట. బక్కగా ఉన్నానేమోనని తిన్నదట, తర్వాత లావయ్యానేమోనని మానేసిందట. పుట్టింటికి వెళ్ళాక తల్లి ఎవరెవరో డాక్టర్లకి చూపించిందట, అందరూ ఏ లోపమూ లేదంటే, మొగుణ్ణి దగ్గరికి తీసుకోవడం కూడా చేతకాని దానివని సాధించిందట.

"ఆ తర్వాత నేను స్నానానికి కూడా దీపం ఆర్పేసేదాన్ని," అంది. "నా ఒళ్ళు నేను చూసుకోవడం మానేశాను."

అతను క్షమించమని అడగాలనుకున్నాడు. ఆ మాట మరీ చిన్నదిగా తోచి మింగేశాడు.

"నువ్వు నవ్వుతావనుకున్నాను."

ఆమె ఆలోచించింది. "నవ్వేదాన్నేమో. ఒక పూట నవ్వేదాన్ని. తర్వాత మానేసేదాన్ని."

వెళ్ళేముందు దుప్పటి మార్చింది, పళ్ళు కడిగి గిన్నెలో పెట్టింది. మళ్ళీ వస్తానని గానీ రానని గానీ చెప్పలేదు.

ఆమె వెళ్ళాక అతనికి ఆశ పుట్టింది. పుట్టకూడదని తెలిసే పుట్టింది. కాస్త తిరగగలిగిన రోజున వీధి చివర సామాన్ల కొట్టుకి వెళ్ళి రెండో కుర్చీ కొన్నాడు. బరువులు ఎత్తొద్దన్నారని కొట్టువాడి చేత మోయించుకొచ్చాడు. మర్నాటి నుంచీ మెట్ల మీద అడుగులు వినబడ్డప్పుడల్లా బనీను మీద చొక్కా సర్దుకునేవాడు. ఆ అడుగులు ఎప్పుడూ పక్కవాటా దగ్గరే ఆగిపోయేవి.

వాపు తగ్గుతూ వచ్చింది. ఊదారంగు పసుపైంది, పసుపు పలచబడింది. చర్మం కింద అక్కడక్కడా గట్టి గడ్డలు తగిలేవి, ఒక్కోసారి చీమలు పాకినట్టు జివ్వుమనేది, కొన్నిచోట్ల గిల్లినా తెలిసేది కాదు. అన్నీ మామూలే, అన్నీ సర్దుకుంటాయి, రోజూ నడవండి అంది డాక్టరమ్మ. ఒక పొద్దున బనీను విప్పితే కింద చదునుగా ఉంది. పూర్తిగా కాదు, ఎడమవైపు కాస్త ఎగుడుదిగుడు. కానీ అది మగవాడి ఛాతీ. అతను దాన్ని అలా చూస్తూ నిలబడ్డాడు. ఇలాంటి రోజు వస్తే గంతులేస్తాననుకున్నాడు. ఎవరికైనా చెప్పాలనిపించింది. చెప్పాలంటే ముందు ఏముండేదో చెప్పాలి. మళ్ళీ బనీను వేసుకుని కొక్కేలు పెట్టుకున్నాడు.

పనిలో చేరిన రోజు తెల్ల టీషర్టు వేసుకునే వెళ్ళాడు. అందులో నిలబడటానికి అతను తనలో ఉన్న ధైర్యమంతా కూడగట్టుకున్నాడు. చిక్కావురా, హెర్నియా బాగానే పనిచేసింది అన్నాడు యజమాని. అంతే. మిగతావాళ్ళు వాపు కూడా చూడలేదు, తగ్గుదల కూడా చూడలేదు. మధ్యాహ్నానికి ఎవరో కోటూ, ఆ రేకు ఇటందుకో అన్నారు. ఒంటిమీద కోటు లేకపోయినా పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. ఇన్నేళ్ళూ లోకమంతా తన ఛాతీనే చూస్తోందనుకుని బతికాడు. లోకానికి దాని సంగతే పట్టలేదని ఆ రోజు తెలిసింది. అందుకు సంతోషించాలో, పోయిన ఏళ్ళకి ఏడవాలో అతనికి తోచలేదు.

ఆమె మళ్ళీ వచ్చింది, ఒక ఆదివారం. ఈసారి కొత్త కుర్చీలో కూర్చుంది. ఎలా ఉందని అడిగింది, బాగుందన్నాడు. చూపించమని ఆమె అడగలేదు, చూపించనా అని అతను అనలేదు. చున్నీ అంచు వేలికి చుట్టుకుంటూ, ఒక మాట అడగడానికి వచ్చానంది.

"అమ్మకి చెబుదామనుకుంటున్నాను. అన్నయ్యకీ వదినకీ కూడా. మీకిష్టం లేకపోతే చెప్పను."

ఈ సంగతి ఎవరికీ తెలియకూడదని ఇంత చేసుకున్నాడు. ఇప్పుడు ఆ ఇంట్లో నలుగురూ కూర్చుని తన ఒంటి గురించి మాట్లాడుకుంటారు. వదిన నవ్వుతుంది, అన్నయ్య ముఖం పక్కకి తిప్పుకుంటాడు. వద్దని అనడానికి నోరు తెరిచాడు. ఎదురుగా ఆమె ఉంది, దీపం ఆర్పి స్నానం చేసిన మనిషి.

"చెప్పు," అన్నాడు. "దాచకుండా మొత్తం చెప్పు."

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. థాంక్స్ అంది. వెళ్ళేటప్పుడు మెట్ల దాకా వెంట వచ్చిన అతనితో, "ఆరోగ్యం జాగ్రత్త," అంది. ఇక మళ్ళీ రాదని ఆ మాట అన్న తీరులోనే ఉంది. అతనికి అది అర్థమైంది, అయినా కొన్నాళ్ళు అర్థం కానట్టే ఉన్నాడు.

చివరి చెకప్‌లో డాక్టరమ్మ మళ్ళీ ఫోటోలు తీసి, పాతవీ కొత్తవీ పక్కపక్కన పెట్టి చూపించింది. ఆమె ముఖం వెలిగిపోయింది. చూశారా అంది, చూశానండీ అన్నాడు. ఇంట్లోవాళ్ళేమన్నారని అడిగింది. బావమరిది చాలా సంతోషించాడండీ అని చెప్పాడు. బనీను ఇక వేసుకోనక్కర్లేదంది. నడక మాత్రం మానొద్దంది.

అతను రోజూ సాయంత్రం పని దిగాక పార్కులో నడిచేవాడు. ఒకరోజు అక్కడ బెంచీ మీద ఒక పెద్దావిడ కూర్చుని, వచ్చేపోయేవాళ్ళని వెతుకుతున్నట్టు చూస్తోంది. దగ్గరికి వచ్చాక గుర్తుపట్టాడు. విడిపోయిన భార్య తల్లి. యజమాని దగ్గర వాకబు చేసి వచ్చిందట. ఆవిడ కళ్ళు నేరుగా అతని ఛాతీ మీదికి వెళ్ళాయి. తెలిసినవాళ్ళు ఎవరైనా అలాగే చూస్తారని అతను చిన్నప్పట్నుంచీ భయపడ్డ చూపు అదే. చేతులు వాటంతటవే ముడుచుకోబోయాయి. ముడుచుకోకుండా పక్కకి దించి నిలబడ్డాడు.

ఆవిడ కూర్చోమంది, కూర్చున్నాడు. అప్పుడు మొదలుపెట్టింది. తన కూతురు ఏమేం పడిందో, తను దాన్ని ఏమేం అన్నదో, ఇరుగుపొరుగు ఏమేం అన్నారో, ఏదీ వదలకుండా చెప్పింది. మధ్యలో గొంతు పెరిగింది, దారినపోయేవాళ్ళు తిరిగి చూశారు. అతను అడ్డు చెప్పలేదు. చెప్పిచెప్పి ఆయాసపడి ఆగింది.

"దాన్ని ఇన్నేళ్ళూ తిట్టిపోశాను. ఇప్పుడు నేనెవర్ని తిట్టను?"

"నన్నే తిట్టండి, అత్తయ్యా."

ఆవిడ అతని వైపు చూసింది. ఆ వరస ఆవిడా మర్చిపోయినట్టుంది. తిట్టబోయింది గానీ మాట దొరకలేదు. కొంగుతో ముఖం తుడుచుకుని, బాగా నొప్పెట్టిందా బాబూ అని అడిగింది. పెద్దగా లేదండీ అన్నాడు. తర్వాత ఆవిడే, చెప్పాలో వద్దో అన్నట్టు మెల్లగా చెప్పింది. కూతురికి ఒక సంబంధం వచ్చిందట. అతనికీ మొదటి పెళ్ళి నిలవలేదట, మంచివాడేనట. ఇదివరకు ఎన్ని సంబంధాలు వచ్చినా నాకెందుకులే అనేసేది, ఈసారి అడగ్గానే సరే అందట. మనిషే మారిపోయిందట, అద్దం ముందునుంచి కదలడం లేదట.

"మంచిది, అత్తయ్యా," అన్నాడతను. "చాలా మంచిది."

చీకటి పడకముందే వెళ్ళాలని ఆవిడ లేవబోయింది. మోకాళ్ళు సహకరించలేదు. అతను చెయ్యి ఇస్తే పట్టుకుని లేచింది, బస్టాపు దాకా ఆ చెయ్యి వదల్లేదు. బస్సు ఎక్కించి, కిటికీ దగ్గర సీటు ఇప్పించమని కండక్టరుతో చెప్పాడు. ఆవిడ కూర్చుని సంచీ ఒళ్ళో సర్దుకుంటూ ఉండగానే బస్సు కదిలింది. అది మలుపు తిరిగిందాకా అక్కడే నిలబడ్డాడు. గాలి చల్లగా ఉంది. పల్చటి చొక్కాలోంచి ఛాతీకి తగులుతోంది, కుడివైపు బాగా, ఎడమవైపు కొంచెం. అతను పార్కు వైపు తిరిగి, ఆ పూటకి మిగిలిన నడక పూర్తిచెయ్యడానికి బయల్దేరాడు.